మోటార్‌హోమ్‌లో యాంటెన్నా వైరు మార్చడం: గోదావరి డెల్టాలో తిరిగేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి మోటార్‌హోమ్, అంటే ఇల్లులా కట్టిన బండి, వేసుకుని సొంతూరొచ్చేవాళ్లు, అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు, దిండి దగ్గర గోదావరి ఒడ్డున నాలుగు రోజులు ఉండిపోయేవాళ్లు, అందరూ యాంటెన్నా వైరు గురించి ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. ఇక్కడి గాలిలో తడి ఎక్కువ, సముద్రం దగ్గర పడేకొద్దీ ఉప్పు ఎక్కువ. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉన్న పిన్ను (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) ఓడలరేవు దగ్గర ఒక్క వానాకాలానికే పచ్చబడిపోవచ్చు. అందుకే ఈ పేజీలో వైరు కంటే అతుకుల గురించి ఎక్కువ ఉంటుంది. డెల్టాలో బండి సిగ్నల్ పోయిందంటే నా మొదటి అనుమానం ఎప్పుడూ అతుకు మీదే.

యాంటెన్నా వైరు అంటే ఇక్కడ రెండు. ఒకటి డీటీహెచ్ డిష్ నుంచి సెట్‌టాప్ బాక్సుకు వచ్చేది, రెండోది పైకప్పు మీది 4జి యాంటెన్నా నుంచి రౌటర్‌కు వచ్చేది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మార్చాలా వద్దా తేల్చుకునేటప్పుడు

వానొస్తే టీవీ పోతోంది. వైరు పాడైందా, లేక ఇది మామూలేనా?

ఎప్పుడు పోయిందో కాదు, ఎప్పుడు తిరిగొచ్చిందో చూడండి. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జడివాన మింగేస్తుంది. నల్లమబ్బు కమ్మి దంచి కొడుతున్నంతసేపు సిగ్నల్ పోయి, వాన తగ్గగానే వచ్చేస్తే అది వైరు తప్పు కాదు, ఎంత మంచి వైరు వేసినా అది ఉండేదే. వాన వెలిసి గంటలు గడిచినా రాకుండా, మర్నాడు ఎండ కాశాక మాత్రమే వస్తే పిన్నులోకో వైరులోకో నీళ్లు దిగాయన్నమాట. ఎండకు ఆరింది కదా అని వదిలేయకండి. లోపల రాగి తినేస్తూనే ఉంటుంది.

కొన్ని ఛానెళ్లు బాగా వస్తాయి, కొన్ని అసలు రావు. ఇది కూడా వైరు వల్లేనా?

చాలాసార్లు అవును. డిష్ ముందుండి సిగ్నల్ పట్టుకునే ఎల్‌ఎన్‌బికి కరెంటు వెళ్లేది కూడా ఇదే వైరులోనే. ఛానెళ్ల తరంగాలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఊగుతాయి, దాన్నే ధ్రువణం అంటారు. నిలువు ధ్రువణం ఛానెళ్లకు బాక్సు 13 వోల్టులు, అడ్డ ధ్రువణం ఛానెళ్లకు 18 వోల్టులు పంపుతుంది. అతుకు తుప్పు పట్టి 18 వోల్టులు అక్కడికి చేరేసరికి తగ్గిపోతే, ఎల్‌ఎన్‌బి నిలువు వైపే ఉండిపోతుంది. రెండో సగం ఛానెళ్లు మాయం. డిష్ మళ్లీ తిప్పించడానికి డబ్బులిచ్చే ముందు పిన్నులు విప్పి చూడండి.

తప్పు వైరుదా, డిష్‌దా, బాక్సుదా ఎలా తెలుస్తుంది?

పది మీటర్ల మంచి వైరు, రెండు కొసలకూ పిన్నులు వేసింది, ఒకటి బండిలో ఉంచుకోండి. అనుమానం వచ్చినప్పుడు బాక్సు ఆపేసి, ఆ వైరును కిటికీలోంచి తీసుకెళ్లి డిష్‌కూ బాక్సుకూ నేరుగా తగిలించండి. బొమ్మ వచ్చిందా, బండి లోపలి వైరింగే దోషి. రాలేదా, లోపల ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు.

మల్టీమీటరు ఉన్నవాళ్లు రెండు కొసలూ విప్పి, మధ్య తీగకూ దాని చుట్టూ అల్లిన పై జాలీకీ మధ్య కంటిన్యూటీ, అంటే కరెంటు పారుతోందా అన్నది, చూడండి. బీప్ వస్తే లోపల షార్ట్ ఉంది. తర్వాత ఒక కొసన మధ్య తీగనూ జాలీనీ కలిపి రెండో కొసన చూడండి, ఇప్పుడు బీప్ రాకపోతే ఎక్కడో తెగింది.

పైకప్పు మీద పాత టీవీ యాంటెన్నా ఉంది. దాని వైరు మారిస్తే దూరదర్శన్ వస్తుందా?

రాదు. భూమి మీది టవర్ల నుంచి వచ్చే పాత అనలాగ్ ప్రసారాలను దూరదర్శన్ దాదాపు అన్నిచోట్లా ఆపేసింది. ఆ వైరుకు ఖర్చు దండగ. దూరదర్శన్ కావాలంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, నెలనెలా కట్టేదేమీ ఉండదు. పాత యాంటెన్నా తీసేస్తే ఆ రంధ్రమే కొత్త వైరుకు పనికొస్తుంది.

విదేశం నుంచి వచ్చిన బండి మాది. గోడలో యాంటెన్నా స్విచ్ ఉన్న ప్లేటు ఉంది. డిష్ వైరు దానికే ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. ఆ ప్లేటు లోపల పాతకాలపు టీవీ యాంటెన్నాకు 12 వోల్టులు పంపే సరంజామా ఉంటుంది. అది అలాంటి టీవీ సిగ్నళ్ల వరకే. డిష్ నుంచి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, అది దీన్ని దాటి రాదు. పైగా అటు 12, ఇటు బాక్సు పంపే 18 ఎదురెదురుగా వస్తే ఏదో ఒకటి కాలిపోవచ్చు. ప్లేటును పక్కన పెట్టి డిష్ వైరు నేరుగా బాక్సులోకి తెచ్చుకోండి.

మొత్తం మార్చకుండా కొస కోసి కొత్త పిన్ను వేస్తే సరిపోదా?

సరిపోవచ్చు. కోసి చూస్తేనే తెలుస్తుంది. పై తొడుగు తీయగానే జాలీ వెండిలా మెరుస్తుంటే మంచిదే. వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతుంటే అది అల్యూమినియం జాలీకి పట్టిన తుప్పు. మధ్య తీగ ఎర్రగా కాకుండా నల్లగానో పచ్చగానో ఉంటుంది. ఇంకో రెండు అంగుళాలు కోసి మళ్లీ చూడండి. జానెడు కోసినా మెరుపు కనపడకపోతే నీళ్లు వైరు పొడవునా పాకాయి. ఆ జాలీ నీళ్లను ఒత్తిలా పీల్చుకుంటుంది కాబట్టి మధ్యలో ఎక్కడ ఆగిందో వెతకడం అనవసరం. కొత్తది వేయండి.

## సామాను కొనేటప్పుడు

డిష్‌కీ 4జి యాంటెన్నాకీ ఒకే రకం వైరు వాడొచ్చా? షాపులో రెండూ ఒకటే అన్నారు.

ఒకటి కాదు. డిష్‌కు 75 ఓమ్‌ల వైరు కావాలి, అది ఆర్‌జి-6. రౌటర్ యాంటెన్నాకు 50 ఓమ్‌ల వైరు, అంటే ఆర్‌జి-58 లేదా ఎల్‌ఎంఆర్ రకాలు. పిన్నులు కూడా వేరు: డిష్‌కు ఎఫ్ పిన్ను, రౌటర్‌కు ఎక్కువగా ఎస్‌ఎంఏ. కన్వర్టర్ పెట్టి ఎలాగోలా తగిలించడం కుదురుతుంది కానీ, అతుకుల సంఖ్య పెరుగుతుంది, ప్రతి అతుకూ నీళ్లు దిగడానికి ఇంకో దారి.

4జి యాంటెన్నా పెట్టాక ఫోన్‌లో వచ్చే స్పీడు కూడా రౌటర్‌లో రావట్లేదు. ఎందుకు?

వైరు పొడవు చూడండి. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

యాంటెన్నా పట్టుకున్న సిగ్నల్‌ను వైరు దారిలో తినేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువ తింటుంది. మన దగ్గర 4జి 700, 850, 900 నుంచి 2500 మెగాహెర్ట్జ్ దాకా నడుస్తుంది, 5జి అయితే 3300 దాటి కూడా. సన్నటి ఆర్‌జి-58 వైరు 2300 దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ పోగొడుతుంది. మూడు డెసిబెళ్లు పోతే సగం పోయినట్టు. ఐదు మీటర్లు వేస్తే రౌటర్‌కు చేరేది మూడో వంతే. యాంటెన్నా డబ్బా మీద రాసిన గెయిన్, అంటే అది పెంచి ఇచ్చే సిగ్నల్, అంతా వైరులోనే ఖర్చయిపోతుంది.

అదే ఐదు మీటర్లు ఎల్‌ఎంఆర్-240 అయితే పోయేది దాదాపు రెండు డెసిబెళ్లు. ఎల్‌ఎంఆర్-400 ఇంకా మంచిదే కానీ లావు, బిర్రుగా ఉంటుంది, బండి మూలల్లో వంగదు. నా సలహా అన్నిటికంటే చవకైనది: రౌటర్‌ను టీవీ పక్కనో డ్రైవరు వెనకో కాకుండా, యాంటెన్నా రంధ్రానికి సరిగ్గా కిందనే, పై అరలో పెట్టండి. వైరు ఒకటి రెండు మీటర్లకు తగ్గిపోతుంది. రౌటర్‌కు కావలసిన 12 వోల్టుల వైరు ఎంత దూరమైనా తీసుకెళ్లొచ్చు, సిగ్నల్‌కు దానితో నష్టం లేదు. యాంటెన్నాతో వచ్చిన వైరు ఎక్కువుందని చుట్ట చుట్టి అరలో పడేయకండి, కోసి కొత్త పిన్ను వేయించండి.

వైరు గోల లేకుండా సిగ్నల్ బూస్టర్ పెట్టుకోవచ్చు కదా?

వద్దు. మన దేశంలో అనుమతి లేకుండా మొబైల్ బూస్టరు అమ్మడం, కొనడం, పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. చుట్టుపక్కల వాళ్ల ఫోన్లు కూడా దానివల్ల చెడతాయి. రౌటర్‌కు బయటి యాంటెన్నా తగిలించుకోవడం వేరే సంగతి, దాంతో ఇబ్బంది లేదు.

అచ్చమైన రాగి తీగా, రాగిపూత వేసిన ఇనుమా? ఏది కొనాలి?

చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లండి. మధ్య తీగ అంటుకుంటే లోపల ఇనుము. బండిలో ఉండేది పది పదిహేను మీటర్లే కాబట్టి సిగ్నల్ పరంగా పెద్ద తేడా ఉండదు. తేడా అంతా మన గాలితోనే. కోసిన కొస దగ్గర పూత తెగి ఇనుము బయటపడుతుంది, ఉప్పుగాలి తగిలితే అక్కడే తుప్పు మొదలు. రాజోలు, నర్సాపురం, యానాం వైపు ఎక్కువ తిరిగేవాళ్లు అచ్చమైన రాగికే డబ్బు పెట్టండి.

సీల్ చేయడానికి ఇంట్లో ఉన్న సిలికాన్ ట్యూబు చాలదా?

మూత తీసి వాసన చూడండి. వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే దాన్ని వైరు దగ్గరికి రానివ్వకండి. ఆరేటప్పుడు అది వదిలే ఆమ్లం రాగినీ ఇతర లోహాలనూ తినేస్తుంది. నీళ్లు ఆపుదామని వేసినదే పిన్నును పాడుచేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ అడగండి. ఎంసీల్ లాంటివి కూడా పైకప్పుకు పనికిరావు, గట్టిపడ్డాక బండి ఊగుడుకు పగులుతాయి. పైకప్పుకూ యాంటెన్నా అడుగు ప్లేటుకూ మధ్యలో బ్యూటైల్ టేపు వేస్తే మేలు. అది ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది.

## వైరు లాగేటప్పుడు

లోపలి ప్యానెళ్లు ఊడదీయకుండా మార్చడం కుదురుతుందా?

పాత వైరు గొట్టంలోంచి వెళ్లి ఉంటే కుదురుతుంది. ఆ వైరే మీకు దారి చూపిస్తుంది. పాత వైరు ఒక కొసకు ముందుగా గట్టి నైలాన్ తాడు కట్టి, రెండో కొస నుంచి పాత వైరును లాగేయండి, తాడు దాని వెంటే వస్తుంది. తర్వాత ఆ తాడుకు కొత్త వైరు, దాంతోపాటు ఇంకో తాడు కట్టి లాగండి. రెండో తాడు లోపలే ఉండిపోనివ్వండి, రేపు ఇంకో వైరు కావాలన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ముడి ఉబ్బెత్తుగా ఉండకుండా, మొదలు నుంచి కొస దాకా సన్నబడేలా టేపు చుట్టండి. కొత్త వైరుకు పిన్ను లాగాకే వేయాలి. ఒకరు పైనుంచి తోస్తుంటే ఇంకొకరు లోపల నెమ్మదిగా లాగాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

లాగుతుంటే ఎక్కడైనా పట్టేసిందా, ఆపేయండి. బలవంతం చేస్తే తాడు తెగుతుంది, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. బాడీ కట్టినవాళ్లు లోపల క్లిప్పులు కొట్టి ఉంటే ఆ ఒక్క ప్యానెల్ విప్పక తప్పదు.

పని మొదలుపెట్టే ముందు కరెంటు మొత్తం ఆపాలా?

ఆపాలి. బయటినుంచి తీసుకున్న 230 వోల్టుల వైరు పీకేయండి, ఇన్వర్టరు ఆపండి, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు తీయండి. బాక్సు ఆన్‌లో ఉండగా పిన్ను విప్పితే, జాలీలో ఒక పోగు మధ్య తీగకు తగిలినా ఎల్‌ఎన్‌బికి కరెంటిచ్చే భాగం షార్టయ్యి పోవచ్చు. పైకప్పు మీద సోలార్ పలకలుంటే పగలంతా వాటిలో కరెంటు ఉంటుంది, స్విచ్‌తో పోదు. గుడ్డ కప్పి పని చేసుకోండి.

ఇన్వర్టర్ వైర్లు వెళ్లే గొట్టంలోనే ఇది కూడా తోసేయమంటున్నారు. ఫర్వాలేదా?

230 వోల్టుల వైర్లతో ఒకే గొట్టంలో వద్దు. ఇది భద్రత విషయం, సిగ్నల్ తర్వాత సంగతి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

వైరు మార్చినప్పటి నుంచి ఎఫ్‌ఎం రేడియోలో బరబర శబ్దం. ఏం చేయాలి?

సోలార్ ఛార్జ్ కంట్రోలరు, ఎల్‌ఈడీ లైట్లు, మొబైల్ ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. ఏది ఆపితే శబ్దం పోయిందో దాని నుంచి రేడియో వైరును దూరంగా జరపండి. లోహపు పైకప్పు అయితే యాంటెన్నా అడుగు రంగు గీకేసిన లోహానికి గట్టిగా ఆనాలి. ఫైబర్ పైకప్పు అయితే కింద ఒక రేకు ముక్క పెట్టాల్సిందే.

ఎఫ్ పిన్ను సరిగ్గా వేశారో లేదో మాకెలా తెలుస్తుంది?

పిన్ను నోట్లోకి చూడండి. లోపలి తెల్లటి నురగ పిన్ను అడుగుకు సమానంగా ఆగి ఉండాలి. మధ్య తీగ ఒంకర లేకుండా, పిన్ను అంచు దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి రావాలి. దాని చుట్టూ జాలీ పోగు ఒక్కటి కూడా కనపడకూడదు. చేత్తో తిప్పి వేసే పిన్నులు ఇంట్లో నడుస్తాయేమో కానీ బండి కుదుపులకు వదులైపోతాయి. టూలుతో నొక్కి బిగించే కంప్రెషన్ పిన్ను వేయించండి, ఆ టూలు కేబుల్ టీవీ పనివాళ్ల దగ్గర ఉంటుంది.

## పైకప్పు మీద

కొత్త రంధ్రం వేయక తప్పట్లేదు. ఏం చూసుకోవాలి?

ముందు కింద ఏముందో చూసుకోండి: అడ్డపట్టీలు, ఏసీ వైర్లు, సోలార్ వైర్లు. చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టండి. రేకు అయితే అంచు ఆకురాయితో నున్నగా చేసి, ప్రైమర్ పూసి, ఆరాక రంధ్రం అంచుకు రబ్బరు గ్రోమెట్ (వలయం) పెట్టాలి. ఆ ప్రైమర్ మానేస్తే ఇక్కడి గాలికి రంధ్రం చుట్టూ తుప్పు వలయం కడుతుంది. ప్లైవుడ్ పొర ఉంటే కోసిన అంచుకు సీలెంట్ పట్టించండి, లేకపోతే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. వైరు లోపలికి దిగేచోట నీళ్లు రాకుండా బిగించే కేబుల్ గ్లాండ్ మూతి బండి వెనక వైపుకు ఉండాలి. ముందుకు పెడితే వానలో నడుపుతున్నప్పుడు గాలే నీళ్లను లోపలికి తోస్తుంది.

గ్లాండ్ పెట్టి సీల్ వేసినా నీళ్లు దిగుతున్నాయి. ఎక్కడ తప్పు?

వైరు పట్టుకునే దిగుతున్నాయేమో చూడండి. రంధ్రంలోకి వెళ్లేముందు వైరు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు నీటిబొట్టు ఆ వంపు అడుగున రాలిపోతుంది. వైరు నేరుగా వాలుగా లోపలికి దిగితే బొట్టు కూడా దాని వెంటే వస్తుంది. పైకప్పు మీది పిన్నులకు తమకు తామే అతుక్కునే రబ్బరు టేపు, సాగదీసి, కింది నుంచి పైకి చుట్టండి. పెంకుటింటి పెంకుల్లా పై చుట్టు కింది చుట్టు మీద పడాలి. మామూలు ఎలక్ట్రికల్ టేపు ఒక్క ఎండాకాలానికే జిగురు కారి ఊడిపోతుంది.

## ఊళ్లోకి వచ్చాక

కొబ్బరితోటలో ఆపితే డిష్ పనిచేస్తుందా?

చేస్తుంది, మనం అనుకున్నంత కష్టం కాదు. కోనసీమ నుంచి చూస్తే ఉపగ్రహాలు ఆకాశంలో బాగా ఎత్తులో ఉంటాయి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. అమలాపురం దగ్గర్లో దానికి డిష్ దాదాపు 145 డిగ్రీల దిక్కుకు, అంటే ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, 66 డిగ్రీల ఎత్తుకు చూడాలి. టాటా ప్లే 83 డిగ్రీల మీద ఉంది, దానికి ఇంచుమించు తిన్నగా దక్షిణం, 70 డిగ్రీల ఎత్తు. ఎయిర్‌టెల్ 108 మీద, కాబట్టి బాగా తూర్పుకు తిరిగి 54 డిగ్రీలకు దిగుతుంది.

లెక్క ఏమిటంటే, ఫ్రీ డిష్ అయితే ఆ దిక్కున ఉన్న చెట్టు ఎత్తులో సగం దూరం వదిలితే చాలు. పద్దెనిమిది మీటర్ల చెట్టుకు తొమ్మిది మీటర్లు. టాటా ప్లేకు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, ఎయిర్‌టెల్‌కు ముప్పావు వంతు. మట్టలు గాలికి ఊగుతాయి కాబట్టి ఇంకో రెండు మీటర్లు కలుపుకోండి. డిష్ పళ్లెం వాలు చూసి అంచనా వేయకండి, అది చూసే దిక్కు కన్నా కిందికి వాలినట్టే కనపడుతుంది. ఫోన్‌లో దిక్సూచి చూసేటప్పుడు బండి ఇనుముకు నాలుగడుగులు దూరంగా నిలబడండి.

చెట్టు కింద మాత్రం బండి వద్దు. ఎండిన మట్ట పడినా, కాయ పడినా డిష్ ఒక్కటే కాదు, సోలార్ పలక కూడా పోతుంది.

డిష్ పైకప్పు మీదే బిగించేస్తే మంచిదా, కింద స్టాండు మీదా?

డెల్టాలో నా ఓటు స్టాండుకే. బండి నీడలో ఉన్నా డిష్‌ను ఖాళీ జాగాలో పెట్టుకోవచ్చు. దీనికోసం బండి పక్కన, మూతున్న ఒక సాకెట్ పెట్టించుకోండి. పైకప్పుకు రంధ్రం తప్పుతుంది. ఇక మన గట్టు రోడ్ల సంగతి మీకు తెలిసిందే. ఒకపక్క కాలవ, ఇంకోపక్క కొబ్బరి, పైన ఇంటింటికీ వేలాడే కేబుల్ వైర్లు. 216 జాతీయ రహదారి దిగి ఊళ్లోకి తిరిగారంటే పైకప్పు మీద నిలబడిన ప్రతి వస్తువూ దేనికో ఒకదానికి తగులుతుంది. 4జి యాంటెన్నా కూడా పొడుగు కర్ర రకం కాకుండా బల్లపరుపుగా ఉండేది తీసుకోండి. బండి మొత్తం ఎత్తు రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.

ఉరుములు మెరుపులు వస్తే ఏం చేయాలి?

ఉరుము వినపడకముందే డిష్ వైరును బయటి సాకెట్ దగ్గర పీకి, బండికి దూరంగా పడేయండి. ఉరుము మొదలయ్యాక ఆ వైరు ముట్టుకోవద్దు, బాక్సు పోతే పోనివ్వండి. రబ్బరు టైర్లు కాపాడతాయనే మాట నిజం కాదు. మూసి ఉన్న లోహపు బాడీ కాపాడుతుంది, ఫైబర్ బాడీ కాపాడదు. ఫైబర్ బండి అయితే దగ్గర్లోని పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. పిడుగు హెచ్చరికలకు దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వచ్చిందంటే డిష్, స్టాండు విప్పి లోపల పెట్టేయాలి.

సముద్రం ఒడ్డున రెండు రోజులుండి వచ్చాం. వైరుకు ఏమైనా చేయాలా?

పైకప్పు, డిష్, బయటి సాకెట్ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. కడిగేటప్పుడు సాకెట్ మూత వేసి ఉండాలి. ఆరాక పిన్ను మరల మీద డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా పూయండి. ఏటా జూన్ వానలకు ముందు బయటి పిన్నులన్నీ ఒకసారి విప్పి చూసుకుంటే మంచిది.

ఎలుకలు వైరు కొరికేస్తున్నాయి.

వరిచేల పక్కన, ధాన్యం కొట్ల దగ్గర ఆపే బండ్లకు ఈ బాధ ఎక్కువ. బండి కింద నుంచి వైరు పోయే ప్రతి సందునూ స్టీలు పీచు కుక్కి, పైన సీలెంట్ వేయండి. వైరును ముడతల గొట్టంలో నడిపించండి.

పని ఎవరిచేత చేయించాలి? కేబుల్ అబ్బాయా, బాడీ బిల్డింగ్ షెడ్డా?

ఇద్దరిచేతా. పిన్ను వేయడంలో, డిష్ తిప్పడంలో మన ఊరి కేబుల్ కుర్రాళ్లను మించినవాళ్లు లేరు, కానీ పైకప్పుకు రంధ్రం వేయమని వాళ్లను అడగకండి. ఆ పని బస్సు బాడీలు కట్టే షెడ్డులో చేయించండి. రంధ్రం, గ్లాండ్, సీల్ ముందు పూర్తి చేయించి, పైన బకెట్‌తో నీళ్లు పోసి అరగంట చూసి, లోపల తడి లేదని తేలాకే లైనింగ్ మూయనివ్వండి. తర్వాత పిన్నులు వేయించి, బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత అంకెలు రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అనుమానం వస్తే పోల్చుకోవడానికి ఆ ఫొటో ఉంటుంది.